బెలూన్ వెనక గోడ

ఆ బడిలో పిల్లలు ఏ విషయాన్నయినా తమంతట తామే కనుక్కోవాలి. అది బడి నియమం. ఏం కనుక్కోవాలో, ఏ పీరియడ్‌లో కనుక్కోవాలో, కనుక్కున్నాక నోరెంత తెరిచి ఆశ్చర్యపోవాలో మాత్రం ముందుగానే రాసి ఇచ్చేవారు.

ఈ పద్ధతి తెచ్చిపెట్టినవాడు ఒక విద్యా నిపుణుడు. ఆయన ఒక ఎండాకాలం వచ్చి, స్టాఫ్‌రూమ్‌లో ఊగని కుర్చీ ఏదో వెతుక్కుని అందులో కూర్చుని, పాఠాలన్నిటికీ నాటకానికి రాసినట్టు మాటలు రాసిచ్చి వెళ్లిపోయాడు. మాస్టారు ఏమనాలి, పిల్లలు ఏమనాలి, మధ్యలో ఎవరు తప్పు చెప్పాలి, ఆ తప్పుకి ఎందరు నవ్వాలి, అన్నీ అందులో ఉన్నాయి. అందరూ ఒప్పులే చెబితే చూసేవాళ్లకు అనుమానం వస్తుంది కాబట్టి ప్రతి పాఠంలోనూ ఒక తప్పు ఉండి తీరాలని ఆయన సిద్ధాంతం. అందుకని ప్రతి తరగతిలోనూ ఒక తప్పు చెప్పే పిల్లో పిల్లాడో ఉండేవారు. మానిటర్ లాగ అదీ ఒక పదవే. కాకపోతే బ్యాడ్జీ ఉండదు.

సైన్సు మాస్టారి తరగతిలో ఆ పదవి ఒక బక్కపలచటి పిల్లకు దక్కింది. ఏదడిగినా "ఒక్క నిమిషం సార్" అనడం ఆ పిల్లకు అలవాటు. ఆ నిమిషంలో కళ్లు మూసుకుని నిజంగానే ఆలోచిస్తుంది. పిల్లలంతా ఆమెను "ఒక్కనిమిషం" అనే పిలిచేవారు. నిపుణుడి లెక్క ప్రకారం ఆలస్యంగా జవాబిచ్చే పిల్లలకు తప్పు జవాబు అప్పగిస్తే ఎవరికీ నష్టం లేదు. ఒప్పు చెప్పే పదవి ఫస్టు ర్యాంకు పిల్లాడిది. వాడి పేరు రేడియో. మొదలుపెడితే ఆపడానికి మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మాస్టారు ఆ బడిలో చాలాకాలంగా తాత్కాలికం. ప్రతి ఎండాకాలం ఉద్యోగం పోతుంది, బళ్లు తెరిచేనాటికి మళ్లీ వస్తుంది. వచ్చేదాకా ఆయన ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే ఇంకా ఉలిక్కిపడతాడు. అలాంటి మనిషిని ప్రిన్సిపాల్ మేడమ్ ఒకనాడు గదిలోకి పిలిచి, కూర్చోమని చెప్పి, ఫ్యాను కూడా వేసింది. ఆ గదిలో ఫ్యాను వేశారంటే మాట పెద్దదన్నమాట.

"మాస్టారూ, తనిఖీ బృందం వస్తోంది. వాళ్లు చూసేది మీ బెలూన్ పాఠం. అది సాఫీగా సాగిందా, మనది ఆదర్శ పాఠశాల. మీరు పర్మినెంటు. కరస్పాండెంటు గారు మాటిచ్చారు."

మాస్టారికి కాళ్లు నేలమీద నిలవలేదు. ఆ ఆనందంలోనే ఇంటికెళ్లి నిపుణుడి బెలూన్ పాఠం తీసి చదివాడు. చదివాక ఆనందంలోంచి గాలి తీసేసినట్టయింది.

పాఠం చిన్నదే. గదిలో ఈ చివరి గోడ నుంచి ఆ చివరి కిటికీ చువ్వదాకా ఒక దారం బిగించి కట్టాలి. దారానికి ఒక స్ట్రా ఎక్కించాలి. బెలూన్ ఊది, మూతికి ముడి వేయకుండా వేళ్లతో నొక్కి పట్టుకుని, స్ట్రాకు టేపుతో అంటించాలి. మూతి గోడవైపు, ముక్కు కిటికీవైపు. వదిలితే బుర్రుమంటూ కిటికీదాకా పోతుంది. ఎందుకు పోయింది అని మాస్టారు అడగాలి. అప్పుడు తప్పు చెప్పే పిల్ల లేచి ఇలా అనాలి: "గోడతో పనిలేదు సార్. బెలూన్ తన లోపలి గాలిని వెనక్కి తోస్తుంది. ఆ గాలి బెలూన్‌ను ముందుకు తోస్తుంది." తరగతి నవ్వాలి. మాస్టారు "తప్పు, ఇంకెవరైనా?" అనాలి. ఒప్పు చెప్పే పిల్లాడు లేచి ఇలా అనాలి: "బెలూన్‌లోంచి వచ్చిన గాలి వెనకున్న గోడను తోస్తుంది సార్. గోడ తిరిగి బెలూన్‌ను ముందుకు తోస్తుంది." చప్పట్లు.

మాస్టారు మరోసారి చదివాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. ఎన్నిసార్లు తుడిచినా తప్పు ఒప్పుగానూ, ఒప్పు తప్పుగానూ కనపడుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాడు. ఈసారి ఫ్యాను వేయలేదు.

"మేడమ్, చిన్న పొరపాటు. ఆ అమ్మాయి చెప్పేదే ఒప్పు. అబ్బాయి చెప్పేది తప్పు. మాటలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది."

"మారిస్తే ఎలా మాస్టారూ? లామినేషన్ అయిపోయింది."

"గోడ లేకపోయినా బెలూన్ పోతుంది మేడమ్. రాకెట్టు పైన ఏమీ లేని చోట పోతుంది కదా, అక్కడ గోడ ఎవరు కట్టారు?"

మేడమ్ చెడ్డమనిషి కాదు. ఎవరికైనా గొంతు పట్టేస్తే తన ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చే మనిషి. ఆమె తలుపు వంక చూసి, గొంతు తగ్గించింది. "గోడ మాట నిజమే మాస్టారూ. గోడే అసలు చిక్కు. ఆ గది గోడ కరస్పాండెంటు గారు ఈ ఏడాదే కొత్తగా కట్టించారు. పాఠం చదివి ఆయన ఎంత మురిసిపోయారనుకున్నారు! 'ఇన్నాళ్లకు నా గోడ సైన్సులోకి ఎక్కింది' అన్నారు. తనిఖీ కోసం రంగు కూడా వేయిస్తున్నారు. ఇప్పుడెళ్లి మీ గోడతో పనిలేదండీ అని ఆయనతో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

మాస్టారు తిరగని ఫ్యాను వంక చూశాడు.

"చూడండి. ఒక్క పూట. ఒక్క పాఠం. తరవాత తీరిగ్గా పిల్లలకు అసలు సంగతి చెప్పుకోండి. ఎవరొద్దన్నారు?"

ఒక్కపూటే కదా అనుకుంటూ మాస్టారు రిహార్సల్ మొదలుపెట్టాడు.

రిహార్సల్ ఘనంగా సాగింది. బెలూన్లు వృథా కాకూడదని మొదట్లో బెలూన్ లేకుండానే చేశారు. మాస్టారు ఉత్త వేళ్లు విప్పితే పిల్లలు కిటికీ వంక చూసి "ఆఁ" అనేవారు. ఆశ్చర్యం రెండో వరసలో సరిగా రావడం లేదని మేడమ్ స్వయంగా వచ్చి నేర్పించింది. "కనుబొమలు! కనుబొమలు పైకి! పళ్లు కాదు!" నవ్వు మాత్రం మొదటిరోజు నుంచే బాగా కుదిరింది. ఒక్కనిమిషం తన మాట చెప్పగానే గదంతా గొల్లున నవ్వి, మాస్టారు చెయ్యెత్తగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేది. పిల్లలకు ఎదుటివాళ్లను చూసి నవ్వడం నేర్పనక్కర్లేదని మాస్టారికి అప్పుడు తట్టింది. ఆగడమే నేర్పాలి.

ఒక్కనిమిషం మొదట్లో తానూ నవ్వేది. నాటకమే కదా. పోనుపోను నవ్వడం మానేసింది. మాట చెప్పి, తల దించుకుని, డెస్కు మీద గోటితో గీతలు గీస్తూ నిలబడేది. బయట ఆటస్థలంలో కూడా పిల్లలు "గోడతో పనిలేదు సార్" అని వెక్కిరిస్తూ వెంటపడుతున్నారని మాస్టారు కిటికీలోంచి ఒకసారి చూశాడు. నాటకం తెర దాటి వచ్చేసింది.

ఒకరోజు గంట కొట్టాక ఆ పిల్ల బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"సార్, నేను చెప్పేది తప్పు కదా?"

"నాటకంలో తప్పమ్మా."

"మరి ఎందుకు తప్పో నాకు తెలిస్తే ఇంకా బాగా చెబుతాను సార్. తెలియకుండా చెబుతుంటే ఒప్పులా వస్తోంది. మేడమ్ కూడా అన్నారు, తప్పు చెప్పేటప్పుడు నమ్మకంగా ఉంటున్నావు, అది తగ్గించు అని."

మాస్టారు డస్టరు తీసుకుని, ఏమీ రాయని బోర్డును శ్రద్ధగా తుడిచాడు. "రేపు చెబుతానమ్మా" అన్నాడు. ఆ పిల్ల సరేనంది. నమ్మింది కూడా. ఆ నమ్మడం చూస్తే మాస్టారికి తేలు కుట్టినట్టయింది.

ఇంట్లో మాస్టారూ, ఆయన అత్తగారూ, ఇద్దరే. భార్య పోయాక అత్తగారు నాలుగురోజులు ఉండి వెళతానని వచ్చింది. నాలుగురోజులూ ఎప్పుడు ముగిశాయో ఇద్దరూ లెక్క చూసుకోలేదు. కూతురు లేని అల్లుడింట్లో అత్తగారేమిటని ఎవరైనా అంటే, "అసలు పోయింది, అల్లుడు వడ్డీ కింద మిగిలాడు" అనేది ఆవిడ.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో కింద కూర్చుని బఠానీలు వొలుస్తోంది. మాస్టారు కుర్చీకీ తలుపు గొళ్లేనికీ దారం కట్టి బెలూన్ వదిలాడు. టేపు ఊడింది. బెలూన్ దారం వదిలేసి, దీపం చుట్టూ మూడు చుట్లు తిరిగి, బఠానీల గిన్నెలో పడింది.

"అల్లుడుగారూ, ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఈ మూడో మనిషెవరు, చెప్పాపెట్టకుండా వంటింట్లో దూరుతున్నాడు?"

"చూశారా అత్తయ్యగారూ, ఇప్పుడు దీనివెనక గోడ ఏదీ? గాల్లో మెలికలు తిరిగింది. గోడే తోస్తే తిన్నగా కదా పోవాలి!"

"నన్నెందుకు గద్దిస్తారు? నేనేమన్నా గోడ పార్టీనా?"

మాస్టారు పీట లాక్కుని కూర్చుని, ఆవిడతో పాటు వొలుస్తూ సంగతంతా చెప్పాడు. పర్మినెంటు సంగతి చెప్పాడు. ఆ పిల్ల అడిగిన మాట చెప్పాడు. తన డస్టరు సంగతి కూడా దాచలేదు.

"మా అమ్మాయి ఉంటే మిమ్మల్ని నాలుగు దులిపేది" అంది ఆవిడ. "నేను అత్తను కాబట్టి రెండే దులుపుతాను. ఒకటి, పిల్లలకు తరవాత తీరిగ్గా చెబుతానంటున్నారే, అందరిముందూ నవ్వించి చాటుగా సారీ చెప్పడం ఏం మర్యాద? చెంపదెబ్బ పెద్దవీధిలో, వెన్న సందులోనా?"

"రెండోది?"

"రెండోది మర్చిపోయాను. గుర్తొస్తే మధ్యరాత్రి లేపి చెబుతాను. ఉద్యోగం ఖాయం కాకపోతే ఏమవుతుంది?"

"ఇప్పుడున్నట్టే ఉంటుంది. ఎండాకాలమంతా భయం. ఒక్కోసారి మళ్లీ పిలవకపోవచ్చు కూడా."

ఆవిడ వెంటనే పరవాలేదనలేదు. అందుకు మాస్టారికి ఆవిడ మీద గౌరవం కలిగింది. కాసేపు వొలిచి, "భయమే మరి" అంది. "భయం లేదంటే అబద్ధం. ఆ గింజ పుచ్చు, పారేయండి."

అంతకుమించి ఆ సంగతి మాట్లాడుకోలేదు. అన్నం తినేటప్పుడు తన పళ్లెంలో బఠానీలు ఎక్కువ పడ్డాయని మాస్టారు గమనించాడు గానీ పైకి అనలేదు.

తనిఖీ రోజు వచ్చింది. గోడకు పచ్చరంగు రెండో పూత ముందురోజు సాయంత్రమే వేశారు. వాసన తెలియకుండా గదంతా అత్తరు చల్లారు. రెండూ కలిసి ఏదో మూడో వాసన పుట్టింది. బృందంలో ముగ్గురు. ముందున్న పెద్దాయన పొడుగ్గా, మెడ కాస్త వంచి, ప్రతిదానికీ "ఊఁ" అనేవాడు. ఆయన వెనకున్న ఇద్దరూ ఆయన "ఊఁ" అన్నాక "ఊఁ" అనేవారు. కరస్పాండెంటు గారు తన గోడ పక్కనే, కన్నబిడ్డ పక్కన ఫోటోకు నిలబడ్డట్టు నిలబడి, దానిమీద ప్రేమగా చెయ్యి వేశారు. తీసి చూసుకున్నారు. పచ్చగా ఉంది. సరిగ్గా అప్పుడే పెద్దాయన కరచాలనం కోసం చెయ్యి చాచాడు. చాచిన చెయ్యిని కాదంటే బాగుండదు కదా! ఆ తరవాత బృందంలోని ముగ్గురి అరచేతులూ పచ్చగానే ఉన్నాయి.

పాఠం మొదలైంది. మాస్టారు బెలూన్ ఊదాడు. ఊదిన ఊపిరి తనదేనా అని అనుమానం వచ్చేంతగా ఆయాసం వచ్చింది. స్ట్రాకు అంటించి, మూతి గోడవైపు పెట్టాడు. ఇంకా వదలనే లేదు, రెండో వరస కనుబొమలన్నీ పైకి లేచి "ఆఁ" అనేసింది. మేడమ్ కళ్లు మూసుకుంది. మాస్టారు గబగబా వేళ్లు విప్పాడు. బెలూన్ బుర్రుమంటూ తన ఆశ్చర్యాన్ని అందుకోవడానికి వెనకాలే పరుగెత్తింది. కిటికీ చువ్వకు కొట్టుకుని, చతికిలబడి, దారానికి వేలాడింది.

"ఎందుకు పోయింది?" అన్నాడు మాస్టారు.

ఒక్కనిమిషం లేచింది. రాత్రంతా కూర్చుని నేర్చుకున్నట్టుంది, ఆ నమ్మకం తగ్గించడం. గొంతు సన్నగా, తల కిందికి. "గోడతో పనిలేదు సార్. బెలూన్ తన లోపలి గాలిని వెనక్కి తోస్తుంది. ఆ గాలి బెలూన్‌ను ముందుకు తోస్తుంది."

గది గొల్లున నవ్వింది. బృందం కూడా నవ్వింది. ముందు పెద్దాయన, తరవాత ఇద్దరూ. కరస్పాండెంటు గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు చెయ్యెత్తాడు. నవ్వు ఆగింది. ఇప్పుడు ఆయన "తప్పు" అనాలి. చిన్న మాట. రెండే అక్షరాలు. అది పలికితే ఎండాకాలాలన్నీ చల్లబడతాయి. నోరు తెరిచాడు. నోట్లో ఆ మాట ఉంది కూడా. కానీ ఆ పిల్ల తల ఎత్తి ఆయనవంక చూసింది. ఎందుకు తప్పో ఇప్పుడైనా చెబుతారేమో అన్నట్టు.

"ఎందుకు నవ్వారు?" అన్నాడు మాస్టారు.

గది బిక్కచచ్చిపోయింది. ఆ మాట పాఠంలో లేదు. ఆ వంతు తనదేనేమోనని రేడియో లేచి, ఒక్క ఊపిరిలో గోడ జవాబు చెప్పేశాడు. కరస్పాండెంటు గారు పచ్చని చేతులతో చప్పట్లు కొట్టారు.

"ఇద్దరు రెండు మాటలు చెప్పారు" అన్నాడు మాస్టారు. "రెండూ ఒప్పు కావడానికి వీల్లేదు. బెలూన్నే అడుగుదాం. అందరూ దారం తీసుకుని బయటికి రండి. గోడ లేని చోటికి."

"మాస్టారూ!" అంది మేడమ్. అరిచినట్టూ ఉంది, బతిమాలినట్టూ ఉంది.

కానీ బయటికి రండి అన్న మాట విన్నాక పిల్లల్ని ఆపగలిగిన బడి ఇంకా కట్టలేదు. గది ఖాళీ అయింది. ఆటస్థలం నడిమధ్య దారానికి ఒక కొస పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. మాస్టారు చుట్టూ చూసి, అందరికన్నా పొడుగ్గా ఉన్నాడని పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన "ఊఁ" అని పట్టుకున్నాడు. రెండో కొస మేడమ్ పట్టుకుంది. తప్పదు మరి, వదిలేస్తే దారం కిందపడుతుంది.

మాస్టారు ఊదాడు. వదిలాడు. వెనక గోడ లేదు, తలుపు లేదు, ఎండ తప్ప మరేం లేదు. బెలూన్ ఎప్పటిలాగే బుర్రుమంటూ పోయి పెద్దాయన ముక్కుకు తగిలింది.

ఎవరో మొదటిసారి నిజంగానే "ఆఁ" అన్నారు. ఈసారి కనుబొమలు వాటంతటవే లేచాయి. పళ్లు కూడా కనపడ్డాయి.

రేడియో ముఖం మాడిపోయింది. తరగతిలో వాడు తప్పు చెప్పినట్టు ఇంతవరకూ దాఖలా లేదు. పెదవులు బిగబట్టి నేలవంక చూస్తున్నవాణ్ణి చూస్తే మాస్టారికి ఇంకో తేలు కుట్టింది. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, అది నీ మాట కాదు. నీకు ఎవరో ఇచ్చారు, నువ్వు మోశావు. ఇప్పుడు నీ మాట చెప్పు. నీకేమనిపిస్తోంది?"

వాడు చాలాసేపు మీట కోసం వెతుక్కున్నాడు. తరవాత నెమ్మదిగా చెయ్యెత్తి దూరంగా చూపించాడు. "సార్... అక్కడ ప్రహరీ గోడ ఉంది కదా. గాలి అంతదూరం వెళ్లి దాన్ని తోసి వచ్చిందేమో?"

"అవునవును!" అన్నారు కరస్పాండెంటు గారు పక్కనుంచి. "అది కూడా నేనే కట్టించాను!"

మాస్టారికి నవ్వొచ్చింది. సంతోషమూ వేసింది. వాడు నిజంగా పొరబడుతున్నాడు, సొంతంగా, మొదటిసారి. "మంచి అనుమానమేరా. ఎలా తేల్చుదాం?"

"ఒక్క నిమిషం సార్" అంది ఆ పిల్ల. కళ్లు మూసుకుంది. పెద్దాయన ముక్కు రుద్దుకుంటూ ఎదురుచూశాడు. ఆయనను ఒక నిమిషం ఎదురుచూడమన్న మనిషి ఈమధ్యకాలంలో లేనట్టుంది. "గోడే తోస్తే, గోడకు దగ్గరగా వదిలితే గట్టిగా తోయాలి కదా సార్. దూరంగా వదిలితే మెల్లగా పోవాలి. రెండూ చేసి చూద్దాం."

"ఎవరు ఊదినా సమానంగా ఊదాలి!" అన్నాడు రేడియో. "నువ్వు కావాలని తక్కువ ఊదుతావు!"

"నువ్వే ఊదు పో!"

"పోటీలా? మధ్యవర్తి ఎవరు?" అని ఇంకెవరో. అంతే, ఆటస్థలం సంతయింది. దారం ప్రహరీ దగ్గరకు పోయింది, మళ్లీ నడిమధ్యకు వచ్చింది. నువ్వు వంగి పట్టుకున్నావని ఒకడు, గాలి వీచిందని ఒకతె, బెలూన్ మార్చారని ఇంకొకడు. పెద్దాయన వెనకున్న ఇద్దరిలో ఒకాయన గోడ పక్షం చేరాడు, ఒకాయన గాలి పక్షం చేరాడు. జీవితంలో మొదటిసారి వాళ్లిద్దరి "ఊఁ"లు వేరువేరుగా వినబడ్డాయి. కరస్పాండెంటు గారు రెండు పక్షాలకూ నడుమ గోడమీది పిల్లిలా నిలబడిపోయారు. ఎన్నిసార్లు వదిలినా బెలూన్ మాత్రం గోడ దగ్గరా, గోడకు దూరంగానూ ఒకేలా పరుగెత్తింది. చివరికి రేడియోనే, గొంతు బొంగురుపోయి, "పోనీలే, గాలే" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. వాడిని చూసి కాదు. ఊరికే, హాయిగా.

గంట కొట్టారు. మాస్టారు దారం చుట్టుకుంటూ, తన ఉద్యోగాన్ని కూడా దాంతోపాటే చుట్టేశానని అనుకున్నాడు. తేలిగ్గానే అనిపించింది. భయం వేసింది కూడా. రెండూ ఒకేసారి ఉండగలవని ఏ పుస్తకంలోనూ చదవలేదాయన.

పెద్దాయన వెళ్లబోతూ మేడమ్ వైపు తిరిగి మొదటిసారి మూడు ముక్కలు మాట్లాడాడు. "అద్భుతమమ్మా. రిహార్సల్ చేయించిన పాఠాలు ఎన్నో చూశాను. గొడవను కూడా ఇంత సహజంగా రిహార్సల్ చేయించినవాళ్లను చూడలేదు. ఆ పిల్లాడి ముఖం మాడడం! ఆ పిల్ల కళ్లు మూసుకోవడం! ఎన్నాళ్లు పట్టింది?"

మేడమ్ మాస్టారివంక చూసింది. మాస్టారు దారంవంక చూశాడు.

"కష్టపడ్డామండీ" అంది మేడమ్.

బడి ఆదర్శ పాఠశాల అయింది. మాస్టారు మాత్రం పర్మినెంటు కాలేదు. గోడను అందరి ముందూ చిన్నబుచ్చిన మనిషిని అంత తొందరగా ఖాయం చేయడానికి కరస్పాండెంటు గారికి మనసొప్పలేదు. అలాగని తీసేయడానికీ వీల్లేకపోయింది, పెద్దాయన ఆ పాఠాన్ని మళ్లీ చూస్తానన్నాడు. వచ్చే ఎండాకాలం తరవాత కూడా పిలుస్తామని మేడమ్ తనంతట తాను చెప్పింది. చెబుతూ ఫ్యాను వేసింది.

"ఇంకో సంగతి మాస్టారూ. ఈసారి ఆయనకన్నా పెద్దవాళ్లొస్తున్నారు. అచ్చం మొన్న జరిగినట్టే జరగాలట. ఆ పిల్ల చెప్పాలి, అంతా నవ్వాలి, మీరు ఎదురుతిరగాలి, బయటికెళ్లాలి, పిల్లలు కొట్లాడుకోవాలి. పెద్దాయన ముక్కు కూడా ఉండాలన్నారు. అన్నీ లామినేట్ చేయిస్తున్నాం."

ఇంటికెళ్లి చెబితే అత్తగారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "రెండో దులుపు గుర్తొచ్చింది అల్లుడుగారూ" అంది. "కానీ ఇప్పుడు దులపడానికి మీమీద దుమ్మేమీ కనపడటం లేదు. అన్నం తినండి."

మర్నాడు మాస్టారు తరగతిలో సంగతి చెప్పాడు. అంతా విని ఒక్కనిమిషం లేచింది. ఈసారి నిమిషం అడగలేదు. "నేను చెప్పను సార్. తప్పు అనుకుని చెప్పాలంటే ఇప్పుడు రావడం లేదు. ఇంకెవరినైనా చూసుకోండి."

"నేనూ చెప్పను సార్" అన్నాడు రేడియో. "నాకు గోడ మీద నమ్మకం పోయింది."

ఎవరిని అడిగినా అదే మాట. గోడ తరఫున నిలబడడానికి గదిలో ఒక్క మనిషి దొరకలేదు. వరసలన్నీ తిరిగి తిరిగి మాస్టారు తన బల్ల దగ్గరకొచ్చి ఆగాడు.

"సరే, అయితే తప్పు నేను చెబుతాను. మీరు నవ్వండి."

చాక్‌పీసు కింద పెట్టి, వెళ్లి చివరి బెంచీ పక్కన విద్యార్థిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, వీలైనంత నమ్మకంగా, "బెలూన్‌లోంచి వచ్చిన గాలి వెనకున్న గోడను తోస్తుంది. గోడ తిరిగి బెలూన్‌ను ముందుకు తోస్తుంది" అన్నాడు.

నవ్వుతారని ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. పిల్లలంతా వెనక్కి తిరిగి, జ్వరం తగిలినవాణ్ణి చూసినట్టు జాలిగా ఆయనవంక చూస్తున్నారు. రేడియో లేచి ఆయన దగ్గరకు వచ్చాడు.

"పరవాలేదు సార్" అన్నాడు మెల్లగా. "మొదట్లో నాకూ అలాగే అనిపించింది. మీరు కూర్చోండి, చెబుతాం."

ఆ పిల్ల చివరి బెంచీలో పుస్తకాల సంచి పక్కకు జరిపి చోటిచ్చింది. మాస్టారు కూర్చున్నాడు.